రొట్టె ముక్కలతో బతికి.. రోదసిలో తోట వేశారు!

నెల మొదట్లో ఇంటి నుంచి డబ్బులొస్తాయి. రూమ్ అద్దె పోను మెస్‌కి ఎంత, కోచింగ్ మెటీరియల్‌కి ఎంత అని లెక్క వేసుకుంటారు కదా! ఒక పూట టిఫిన్ మానేసి పుస్తకం కొనుక్కున్న రోజులు కూడా మీలో చాలామందికి ఉండే ఉంటాయి. సరిగ్గా ఇదే లెక్క 150 ఏళ్ల క్రితం మాస్కోలో ఓ పదహారేళ్ల కుర్రాడు వేశాడు. నాన్న నెలకు 10 నుంచి 15 రూబుళ్లు పంపేవాడు. అందులో తిండికి పెట్టిన ఖర్చు 90 కోపెక్కులు. అంటే ఒక్క రూబులు కూడా కాదు. మూడు రోజులకోసారి బేకరీకెళ్లి 9 కోపెక్కుల నల్ల రొట్టె కొనుక్కోవడం, దాన్నే నీళ్లతో తినడం. టీ లేదు, బంగాళదుంప కూడా లేదు. మిగతా డబ్బంతా పుస్తకాలకు, పాదరసానికి, సల్ఫ్యూరిక్ యాసిడ్‌కు పోయేది.

ఆ కుర్రాడి పేరు కాన్‌స్టాంటిన్ త్సియోల్కోవ్‌స్కీ. రాకెట్ సైన్స్ చదివినవాళ్లకు పరిచయం అక్కర్లేని పేరు. భూమిని వదిలి వెళ్లాలంటే రాకెట్‌కు ఎంత ఇంధనం కావాలో చెప్పే సమీకరణం ఆయనదే. అయితే ఈ రోజు మనం మాట్లాడుకునేది ఆయన వేసిన ఇంకో లెక్క గురించి. నెలలు, ఏళ్ల తరబడి అంతరిక్షంలో ఉండేవాళ్లు ఏం తింటారు? రాకెట్ అనేది ఇంకా కాగితం మీద కూడా సరిగా లేని రోజుల్లో ఈ ప్రశ్న అడిగిన మనిషి ఆయన.

బడి వదిలేసింది.. లైబ్రరీ చేరదీసింది

1857లో రష్యాలోని రియాజాన్ ప్రాంతంలో ఇజెవ్‌స్కోయె అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి అటవీ శాఖ ఉద్యోగి. పదేళ్ల వయసులో స్కార్లెట్ ఫీవర్ వచ్చి వినికిడి దాదాపు పోయింది. పదమూడేళ్లకు తల్లి చనిపోయింది. టీచర్ చెప్పేది వినపడకపోతే క్లాసులో కూర్చుని ఏం లాభం? బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఆ తర్వాత ఏ కాలేజీలోనూ విద్యార్థిగా చేరలేదు. ఇంట్లో ఉన్న నాన్న పుస్తకాలే గురువులయ్యాయి.

కొడుక్కి తెలివి ఉందని తండ్రికి అర్థమైంది. 1873లో మాస్కో పంపించాడు. అక్కడ చెర్త్‌కోవ్ లైబ్రరీ అని ఒకటుంది, ఫీజు లేదు. రోజూ అక్కడికి చేరేవాడు. నికొలాయ్ ఫ్యోదరోవ్ అనే లైబ్రేరియన్ ఈ చెవిటి కుర్రాడిని గమనించి కావాల్సిన పుస్తకాలు వెతికి ఇచ్చేవాడు. మొదటి ఏడాది ఫిజిక్స్, బేసిక్ మ్యాథ్స్. రెండో ఏడాది కాల్‌క్యులస్, హయ్యర్ ఆల్జీబ్రా, అనలిటికల్ జామెట్రీ. సిలబస్ ఇచ్చినవాళ్లు లేరు, డౌట్ తీర్చేవాళ్లు లేరు, పరీక్ష పెట్టేవాళ్లూ లేరు. రూమ్‌లో చేసే ప్రయోగాల్లో యాసిడ్ పడి ప్యాంటు నిండా పసుపు మరకలు, చిల్లులు. రోడ్డు మీద పిల్లలు ఎగతాళి చేసేవారు.

వినడానికి ఇది స్ఫూర్తి కథలా ఉంటుంది. కానీ ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మూడేళ్ల పాటు రొట్టె, నీళ్లతో గడిపితే ఏమవుతుంది? మనిషి ఎండిపోయాడు, చూపు కూడా తగ్గింది. కొడుకు పస్తులుంటున్నాడని తెలిసి తండ్రి 1876లో ఇంటికి పిలిపించేశాడు. ఆయన గొప్పవాడైంది పస్తులుండటం వల్ల కాదు, పస్తులున్నా కూడా అయ్యాడు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. మెస్ మానేసి ప్రిపేరవుతున్నవాళ్లు ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి.

25 ఏళ్లు లేటు!

ఊరికొచ్చాక ట్యూషన్లు చెప్పారు. 1879లో ప్రైవేటుగా కట్టి టీచర్ ఎలిజిబిలిటీ పరీక్ష పాసయ్యారు. అప్పటికి 22 ఏళ్లు. మీ వయసే! మరుసటి ఏడాది బోరోవ్‌స్క్ అనే చిన్న ఊళ్లో లెక్కల మాస్టారుగా పోస్టింగ్ వచ్చింది. అక్కడే వర్వారాతో పెళ్లయింది.

సాయంత్రాలు, సెలవులు రిసెర్చికి. 1881లో వాయువుల సిద్ధాంతం మీద ఓ పేపర్ రాసి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ఫిజిక్స్, కెమిస్ట్రీ సొసైటీకి పంపించారు. పూర్తిగా సొంతంగా కట్టుకున్న థియరీ. జవాబొచ్చింది, అదీ ఆవర్తన పట్టిక తయారుచేసిన మెండలీవ్ నుంచి. విషయం ఏంటంటే, ఇదంతా పాతికేళ్ల క్రితమే వేరేవాళ్లు కనిపెట్టేశారు!

మనలో ఎవరికైనా ఆ రోజుతో ఉత్సాహం చచ్చిపోతుంది. ఆయన మాత్రం ఆ జవాబును రెండు రకాలుగా చదువుకున్నారు. ఒకటి, కొత్త పుస్తకాలు, జర్నళ్లు అందని మారుమూల ఊళ్లో ఉంటే ఇలాగే నష్టపోతామని. రెండు, ఒంటరిగా కూర్చుని కూడా పెద్ద సైంటిస్టులు చేరిన చోటికే చేరగలిగానని. ఆ తర్వాత పంపిన ఇంకో పేపర్‌తో అదే సొసైటీలో సభ్యత్వం దక్కింది. ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు ఆ పని ఇప్పటికే ఎవరైనా చేశారా అని వెతకడానికి మీకు ఫోన్ ఉంది. ఆయనకు ఉత్తరం వెళ్లి జవాబు రావాలి. ఆ పది నిమిషాల సెర్చ్ మీరు మానేయకండి.

1883లో ఓ నోట్‌బుక్ రాశారు. బరువే లేని చోట మనిషి ఎలా కదులుతాడు, ఎలా తిరుగుతాడు అన్నది అందులో విషయం. తర్వాతి రచనల్లో ఇంకా ముందుకెళ్లారు. అక్కడ నీళ్లు గ్లాసులోంచి కిందికి ఒలకవు, గుండ్రటి బంతిలా గాల్లో తేలతాయి. కాబట్టి తాగే పద్ధతి, తినే పద్ధతి కూడా మారాలి. 1961లో గగారిన్ ట్యూబ్‌లోంచి పేస్టులా ఉన్న ఆహారం నోట్లోకి పిండుకున్నప్పుడు ఈ ఊహ నిజమైంది.

కష్టాలకు మాత్రం కొదవ లేదు. 1887లో ఇల్లు తగలబడి రాతప్రతులు చాలావరకు పోయాయి. 1892లో కలూగాకు బదిలీ అయింది. ఇక జీవితమంతా అక్కడే. వినపడటానికి రేకుతో తనే గరాటాలు చేసుకుని చెవికి పెట్టుకునేవారు. సొంత డబ్బులతో చిన్న చిన్న పుస్తకాలు అచ్చు వేయించేవారు. ఊళ్లోవాళ్లు ఈ మాస్టారుకు కొంచెం తిక్క అనుకునేవారు. 1902లో కొడుకు ఇగ్నాతీని పోగొట్టుకున్నారు. 1908లో ఓకా నదికి వరదొచ్చి ఇంట్లోకి నీళ్లు చేరాయి.

సమీకరణం అడిగిన ప్రశ్న

1897లో రాకెట్ సమీకరణం రాసుకున్నారు. 1903లో అది ఓ సైన్స్ పత్రికలో అచ్చయింది. దీన్ని మీకు సింపుల్‌గా చెప్తాను, ఎందుకంటే తిండి కథ ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ఇంధనం నింపిన రాకెట్ బరువు, ఇంధనం అయిపోయాక మిగిలే బరువుకు ఎన్ని రెట్లుంటే అంత వేగం వస్తుంది. కానీ ఈ లెక్క నేరుగా పెరగదు. ఒక వేగం అందుకోవడానికి 4 రెట్లు సరిపోతుందనుకోండి. దానికి రెట్టింపు వేగం కావాలంటే 8 రెట్లు చాలదు, 16 రెట్లు కావాలి. అంటే పైకి తీసుకెళ్లే ప్రతి కిలో వెనకా ఎన్నో కిలోల ఇంధనం ఉంటుంది. ఆ కిలో ఇనుమైనా ఒకటే, ఇడ్లీ పిండైనా ఒకటే.

ఇప్పుడు ఇవాళ్టి అంకె పెట్టి చూడండి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఒక్కో వ్యోమగామికి రోజుకు ప్యాకింగుతో కలిపి సుమారు 1.8 కిలోల ఆహారం కావాలి. నలుగురు, అంగారకుడి దాకా వెళ్లి రావడానికి దాదాపు 1,000 రోజులు. 4 × 1.8 × 1,000. ఏడు టన్నుల పైమాటే! అంతరిక్ష కేంద్రానికైతే కొన్ని నెలలకోసారి సరుకుల నౌక వెళ్తుంది. అంగారకుడి దారిలో అది కుదరదు. పైగా ప్యాకెట్లలో ఏళ్ల తరబడి ఉంటే విటమిన్ సి, బి1 లాంటివి తగ్గిపోతూ వస్తాయి. కడుపు నిండుతుంది కానీ ఒంటికి అందాల్సింది అందదు.

త్సియోల్కోవ్‌స్కీ దగ్గర ఈ అంకెలు లేవు, సమీకరణం ఉంది. అది చాలు. బరువే శత్రువని తెలిసినవాడికి, తిండి మూటలు కట్టుకుని దూరం వెళ్లలేమని తెలియడానికి ఎంతసేపు పడుతుంది? 1911, 1912ల్లో ఏరోనాటిక్స్ పత్రికలో వచ్చిన రెండో భాగంలో ఈ సంగతి తేల్చారు. కొద్ది రోజుల ప్రయాణమైతే ఆక్సిజన్ వెంట తీసుకెళ్లొచ్చు, వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను క్షారాలతో పీల్చేయించొచ్చు. ఎక్కువ కాలమైతే? ఒక చిన్న భూమినే వెంట తీసుకెళ్లాలి!

తోట ఎలా పనిచేస్తుంది?

ఆలోచన చాలా తేలిక. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ మొక్కకు కావాలి. మొక్క వదిలే ఆక్సిజన్ మనకు కావాలి. మనం విసర్జించేది మొక్కకు ఎరువు. మొక్క ఇచ్చేది మనకు భోజనం. ఎండ ఎలాగూ ఉచితం. భూమి మీద కోట్ల ఏళ్లుగా నడుస్తున్న ఈ చక్రాన్ని ఓ అద్దాల గదిలో తిప్పితే సరి. మూట ఒకసారి మోస్తే చాలు, అదే తిరిగి తిరిగి వాడుకోవచ్చు.

అక్కడితో ఆగితే అది కల మాత్రమే. ఆయన వివరాల్లోకి దిగారు. బరువు లేని చోట మొక్క తన కాయల్ని మోయాల్సిన పని లేదు, కాబట్టి లావు కాండం అక్కర్లేదు. రాత్రి, మబ్బు లేకుండా ఎండ పడేలా తోటను తిప్పి ఉంచొచ్చు. మనుషులకు కావాల్సినంత గాలి పీడనం మొక్కలకు అక్కర్లేదు, కాబట్టి తోటను విడిగా పెట్టి తక్కువ పీడనంలో ఉంచితే గోడలు పల్చగా కట్టొచ్చు, బరువు ఆదా. కలుపు, పురుగు లేని మట్టి ముందే తయారుచేసుకోవచ్చు. ఓ లెక్కల మాస్టారు కాగితం మీద వ్యవసాయం చేస్తున్నారన్నమాట!

1920లో పుస్తకంగా వచ్చిన ఆయన నవల భూమికి ఆవల జరిగే కథ. తమాషా ఏంటంటే, అందులో సైంటిస్టులంతా ఉండేది మన హిమాలయాల్లో కట్టిన ఓ కోటలో. కథాకాలం 2017. వాళ్లు రాకెట్‌లో పైకెళ్లి మొదట వెంట తెచ్చుకున్నది తింటారు. తర్వాత గాజు తోట కట్టి కూరగాయలు, పండ్లు పండించుకుంటారు. 1926 నాటికి అంతరిక్షంలోకి మనిషి విస్తరించడానికి దశలవారీగా ఓ ప్లాన్ రాశారు. అందులో కూడా తోటకు సొంత స్థానం ఉంది.

లెక్క ఎక్కడ తప్పింది?

ఒక మనిషి తిండికి ఎండ తగిలే తోట ఒక్క చదరపు మీటరు చాలని ఆయన అనుకున్నారు. ఇది తప్పు. ఎందుకో మీరే లెక్క వేయొచ్చు. భూమి కక్ష్య దగ్గర ఒక చదరపు మీటరు మీద 24 గంటల్లో పడే సూర్యశక్తి సుమారు 28,000 కిలోకేలరీలు. మనిషికి రోజుకు కావాల్సింది 2,500 అనుకుందాం. పదో వంతు కూడా కాదు. చాలుతుందనే అనిపిస్తుంది. కానీ మామూలు పంట తన మీద పడిన ఎండలో ఒకటి రెండు శాతం మాత్రమే దాచుకోగలదు. అందులోనూ వేరు, కాండం, పొట్టు పోగా మనం తినేది కొంతే. అందుకే ఇవాళ ఒక మనిషికి పూర్తి భోజనం కావాలంటే పదుల చదరపు మీటర్లు అంటున్నారు.

ప్రశ్న సరైనది, పద్ధతి సరైనది, అంకె తప్పు. దానివల్ల ఆయన విలువ తగ్గలేదు. ఎందుకంటే తర్వాతివాళ్లు సరిదిద్దింది ఆ అంకెనే, కొత్త ప్రశ్న వెతుక్కోలేదు.

సోవియట్ రాకెట్ల పెద్ద సెర్గేయ్ కొరొల్యోవ్ 1962లో గ్రహాంతర నౌక గురించి రాసుకున్న నోట్సులో త్సియోల్కోవ్‌స్కీ తరహా తోట పని మొదలుపెట్టాలని ప్రత్యేకంగా గుర్తుచేసుకున్నారు. 1971లో మొదటి అంతరిక్ష కేంద్రం సాల్యూత్-1లోనే చిన్న మొక్కల పెట్టె వెళ్లింది. సైబీరియాలోని క్రాస్నోయార్స్క్‌లో బయోస్-3 అనే మూసేసిన కట్టడంలో 1972-73లో ముగ్గురేసి మనుషులు సుమారు 180 రోజుల ప్రయోగం చేశారు. లోపలే గోధుమ, కూరగాయలు పండించి వాటి గాలి పీల్చారు, వాటి పంట తిన్నారు. 2015 ఆగస్టులో నాసా వ్యోమగాములు అంతరిక్ష కేంద్రంలో పెంచిన ఎర్ర లెట్యూస్ ఆకులు తిన్నారు.

మన దగ్గరి సంగతీ చెప్పుకోవాలి. 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సీ60లో ఇస్రో ఎనిమిది బొబ్బర్ల గింజలు పంపింది. నాలుగు రోజుల్లో అవి మొలకెత్తాయి, ఆ వెంటనే ఆకులేశాయి. మన వంటింటి డబ్బాలో ఉండే అవే బొబ్బర్లు! 2025లో అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన శుభాన్షు శుక్లా అక్కడ పెసలు, మెంతులు మొలకెత్తించారు.

ఇవేవీ ఆయన చూడలేదు. 1921లో ప్రభుత్వం జీవితకాల పెన్షన్ ఇచ్చింది. అప్పటికి 64 ఏళ్లు, నలభై ఏళ్ల మాస్టారు ఉద్యోగం. 1930ల్లో ఓ అంతరిక్ష సినిమా తీసేవాళ్లకు సలహాలిస్తూ బొమ్మల ఆల్బమ్ గీసిచ్చారు. 1935 సెప్టెంబరు 19న కడుపు క్యాన్సర్‌తో కలూగాలో కన్నుమూశారు. మనిషి అంతరిక్షంలోకి వెళ్లడానికి ఇంకా 26 ఏళ్లుంది.

మరి మీకేంటి?

కోర్ బ్రాంచి చదివినా సరే, అందరూ ఒకే రకం ఉద్యోగాలకు అప్లయ్ చేసే రోజులివి. స్పేస్ అనగానే ఏరోస్పేస్ వాళ్లకే, కోడింగ్ వాళ్లకే అనుకుంటాం. త్సియోల్కోవ్‌స్కీ జీవితం చెప్పేది వేరు. ఇంజిన్ ఎంత గొప్పదైనా లోపల కూర్చున్నవాడికి మధ్యాహ్నం ఆకలేస్తుంది. ఆ ఆకలిని సమీకరణంలో కలపకపోతే లెక్క పూర్తికాదు. ఆ కలిపే పనికి మనుషులు కావాలి.

గగన్‌యాన్ వ్యోమగాముల ఆహారాన్ని తయారుచేస్తున్నది మైసూరులోని రక్షణ శాఖ ఆహార పరిశోధన ప్రయోగశాల డీఎఫ్‌ఆర్‌ఎల్. అదే ఊళ్లో ఉన్న సీఎఫ్‌టీఆర్‌ఐలో ఫుడ్ టెక్నాలజీలో ఎమ్మెస్సీ ఉంది. మన బాపట్లలో వ్యవసాయ వర్సిటీ ఫుడ్ టెక్నాలజీ కాలేజీ ఉంది. అగ్రికల్చర్ చదివినవాళ్లు మట్టి లేని సాగు మీద, బయోటెక్ వాళ్లు పొట్టి రకాల పంటల మీద, ఈసీఈ, ఈఈఈ వాళ్లు ఎల్‌ఈడీ కాంతి, సెన్సర్ల మీద, మెకానికల్ వాళ్లు నీటి, గాలి రీసైక్లింగ్ మీద, కెమికల్ వాళ్లు ప్యాకేజింగ్ మీద ప్రాజెక్టు చేయొచ్చు. ఈ నైపుణ్యాలు రోదసికే పరిమితం కాదు. పాలీహౌస్‌లో, కోల్డ్ స్టోరేజీలో, ఫుడ్ ప్రాసెసింగ్ యూనిట్లో కూడా ఇవే కావాలి. అంటే అంతరిక్ష సంస్థలో ఉద్యోగం రాకపోయినా చదువు వృథా పోదు.

ఫైనలియర్ ప్రాజెక్టు టాపిక్ కోసం వెతుకుతున్నారా? ఓ పని చేయండి. మీ బ్రాంచిలో అందరూ చేస్తున్న పెద్ద ప్రాజెక్టు ఒకటి తీసుకోండి. అది పనిచేయాలంటే ఇంకా ఏం కావాలో, ఎవరూ పట్టించుకోని చిన్న విషయం ఏమిటో రాసుకోండి. ఇంటర్వ్యూలో మీ గురించి చెప్పమన్నప్పుడు ఆ చిన్న విషయం గురించి పది నిమిషాలు మాట్లాడగలిగితే చాలు. ఎదుటివాళ్లు మీ రెజ్యూమె పక్కన పెట్టి మీ మాట వింటారు. అంకె కాస్త తప్పినా పర్లేదు, వచ్చేవాళ్లు సరిదిద్దుతారు. ప్రశ్న మాత్రం మీదై ఉండాలి.